మేస్త్రికి స్త్రీలింగం

మొన్న సంక్రాంతికి ముందు ఇల్లు దులిపిస్తుండగా అటకమీద ఒక పాత నోటుపుస్తకం దొరికింది. 2015లో మేము ఈ ఇల్లు కట్టుకొన్నప్పటి ఖర్చుల పద్దు అది. ఇసుక ఎన్ని ట్రక్కులు, సిమెంటు ఎన్ని బస్తాలు, ఇనుము ఎన్ని టన్నులు, అన్నీ నా చేతివ్రాతే. ముప్పై నాలుగేళ్ళు నల్లబల్లమీద అక్షరాలు దిద్దించిన చేయి కదా, ఎంత పొందికగా వ్రాశానో అని నాలో నేనే మురిసిపోతూ పుటలు త్రిప్పాను. ఒక పుట దగ్గర ఆ మురిపెం ఆగిపోయింది. అక్కడ రోజుకూలి రేట్లు వ్రాసి ఉన్నాయి. మేస్త్రికి 600, మగకూలీకి 450, ఆడకూలీకి 300.

మేస్త్రి పేరు వ్రాశాను. మగకూలీ లిద్దరి పేర్లూ వ్రాశాను. ఆడవారికి మాత్రం పేర్లు లేవు. ‘ఆడకూలీలు – 2’ అని ఉన్నది. పని ముగిసేవరకూ ప్రతి వారమూ అదే పద్దు.

చదువరులకు నా సంగతి కొంత చెప్పాలి. నేను 1986లో తెలుగు పండితురాలిగా ఉద్యోగంలో చేరాను. నాతోపాటు అదే రోజున మరొక పాఠశాలలో చేరిన పురుష పండితునికీ నాకూ మొదటి నెల జీతం ఒక్కటే. పదవీ విరమణ వరకూ ఒక్క రూపాయి తేడా లేదు. ఆడదానివి కనుక నీకు మూడింట రెండు వంతులే ఇస్తామని ఏనాడైనా ఎవరైనా అని ఉంటే నేను ఊరుకొని ఉండేదాన్ని కాదు. అటువంటి నేను, నా ఇంటి ముంగిట, నా చేతితో, మగకూలీకి 450, ఆడకూలీకి 300 అని వ్రాశాను. చేయి వణకలేదు. లోకంలో ఉన్న రేటు అదే కదా అనుకొన్నాను.

పుస్తకం ముందు పెట్టుకొని లెక్క కట్టాను. రోజుకు 150 తేడా, ఇద్దరు స్త్రీలు, 110 పనిరోజులు. మొత్తం 33,000 రూపాయలు. అదే పుస్తకంలో నాలుగు పుటల తరువాత పూజగదికి వేయించిన పాలరాతి ఖర్చు ఉన్నది. ఇంచుమించు అంతే సొమ్ము.

ఆ ఇద్దరిలో ఒకామె ముఖం నాకు బాగా గుర్తు. ముప్పై ఏళ్ళుంటాయేమో. పాలమూరు వైపు నుంచి భర్తతో వచ్చి మా పల్నాటిలోనే నిలిచిపోయిన మనిషి. మూడేళ్ళ పిల్లవాణ్ణి ఇసుకకుప్ప దగ్గర కూర్చోబెట్టి పనిలోకి దిగేది. ఒక మధ్యాహ్నం నేను మజ్జిగ తీసుకొని వెళ్ళేసరికి వంటగది గోడ దగ్గర తాపీ పట్టుకొని నిలబడి ఉన్నది. నన్ను చూసి చటుక్కున తాపీ క్రింద పెట్టేసింది.

“ఏమ్మా, నీకు తాపీ పని కూడా వచ్చా?” అని అడిగాను.

“ఎందుకు రాదు టీచరమ్మా! పదేళ్ళ సంది ఆయన పక్కనుండి చూస్తనే ఉన్న గదా. మేస్త్రి అన్నానికి పోయిండు. ఈ మూడు వరసలు నేనే పెట్టిన. ఆయనకు చెప్పకండి, కోపం చేస్తడు.”

మేస్త్రి వచ్చాడు. దారం పట్టి చూశాడు, గుండు వేలాడదీసి చూశాడు. ఏమీ అనలేదు. నాలుగవ వరస మొదలుపెట్టాడు. నేనూ ఏమీ అనలేదు. ఆమె రహస్యం కాపాడానని అప్పుడు తృప్తిపడ్డాను. ఆమెకు కావలసింది రహస్యం కాపాడడం కాదని, “ఈ పని ఈమెకు వచ్చునయ్యా” అని ఒక్క మాట పైకి చెప్పడమని నాకు తెలియడానికి పదేళ్ళు పట్టింది.

నా చదువు భాషకు సంబంధించినది కనుక ఈ విషయమూ నాకు మాటల రూపంలోనే ముందు తోస్తుంది. ‘మేస్త్రి’ మన మాట కాదు. పోర్చుగీసువారి ‘మెస్త్రె’ నుంచి వచ్చినది. నేర్పరి అనీ, గురువు అనీ దానికి అర్థం. ఇంగ్లీషు ‘మాస్టర్’ నుంచి మనం చేసుకొన్న ‘మాస్టారు’, ఈ ‘మేస్త్రి’ ఒకే లాటిను మాట సంతానం. అంటే బడిలో పాఠం చెప్పే మాస్టారు, గోడ కట్టే మేస్త్రి మాటల వరసలో జ్ఞాతులు. రెండు మాటలూ విద్యను చెబుతాయి. ‘కూలి’ అనేది మాత్రం విద్యను చెప్పదు, దినవేతనాన్ని చెబుతుంది. తాపీ మేస్త్రి అని కోస్తావారన్నా, బేల్దారి మేస్త్రి అని సీమవారన్నా మన కళ్ళకు మీసాలున్న మనిషే కనబడతాడు. ఆడమనిషి అనగానే ‘కూలీ’ తప్ప మరొక మాట నోటికి రాదు.

‘మేస్త్రమ్మ’ అనే మాట ఉన్నది కదా అనవచ్చు. ఉన్నది, మేస్త్రి గారి భార్య అనే అర్థంలో. నా చిన్నతనంలో మా ఊళ్ళో పంతులు గారి భార్యను కూడా ‘పంతులమ్మ గారూ’ అనే పిలిచేవారు. తరువాత ఆడవారు చదువుకొని బడిలో కుర్చీ ఎక్కిన తరువాత పంతులమ్మ అంటే పాఠం చెప్పే ఆమె అయింది. డాక్టరమ్మ సంగతీ అంతే. మాట మారలేదు, మాటలోని మనిషి మారింది. మేస్త్రమ్మ విషయంలో ఆ మార్పు ఇంకా జరగలేదు.

ఆడకూలీ పని తేలిక, అందుకే రేటు తక్కువ అంటారు. తేలికెంతో చూద్దాము. మాలు నింపిన తట్ట పదిహేను కిలోలనుకొందాము. అది తలమీది చుట్టకుదురు పైకెత్తుకొని పరంజా మెట్లెక్కి మేస్త్రికి అందించాలి. రోజుకు రెండు వందల తట్టలనుకొన్నా మూడు వేల కిలోలు. యాభై కిలోల సిమెంటు బస్తాల లెక్కలో అరవై బస్తాలు. బస్తా ఒకేసారి ఎత్తిన మగవాని బలం మనకు కనబడుతుంది. అదే బరువును ముక్కలుగా మోసిన ఆడదాని బలం సాయంత్రానికి కూడా కనబడదు. దానికితోడు ఇసుక జల్లించడం, ఇటుకలు తడపడం, కట్టిన గోడకు నీళ్ళు పట్టడం. నీళ్ళు పట్టకపోతే ఎంత మంచి సిమెంటైనా బలం పుంజుకోదని ఏ ఇంజనీరునడిగినా చెబుతాడు. అంత ముఖ్యమైన పనిని ‘చిల్లర పని’ అని ఆడవారికి వదిలేశాము.

“ఆడోళ్ళు పరంజా ఎక్కి గోడ కడితే ఎట్లాగండీ, కాలు జారితేనో?” అని మా మేస్త్రి ఒకసారి అన్నాడు. తలమీద తట్టతో రోజుకు రెండు వందలసార్లు ఎక్కితే లేని భయం, ఒట్టి చేతులతో ఎక్కి తాపీ పట్టుకొంటే ఎక్కడినుంచి వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మన ప్రాంతానికి సాక్ష్యం వెదకనక్కరలేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ రాతికట్టడపు ఆనకట్ట. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు వదిలారు. యంత్రాలకంటె మనుషులను నమ్ముకొని కట్టిన నిర్మాణమది. ఆనాటి ఛాయాచిత్రాలు చూసినవారికి తెలుస్తుంది, చీర కుచ్చెళ్ళు ఎగగట్టి, తలమీద రాయీ సున్నమూ మోస్తూ బారులు తీరి నడచిన స్త్రీలు ఎందరో. వడ్డెర కుటుంబాలలో రాయి కొట్టే పనిలో ఆలుమగలిద్దరిదీ సమభాగమే. ఆ నీటితో పండిన అన్నం తిని పెరిగిన పల్నాటివారం మేము. ఆ ఆనకట్టకు కూడా ‘ఆడకూలీలు’ అన్న పద్దు తప్ప పేర్లు మిగిలి ఉండవని నా అనుమానం.

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. రాజ్యాంగం 39వ అధికరణం స్త్రీపురుషులకు సమానమైన పనికి సమాన వేతనం అన్నది. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. 1996లో భవన నిర్మాణ కార్మికుల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం, నిర్మాణ వ్యయం మీద సెస్సు వసూలుకు మరొక చట్టం వచ్చాయి. ఇవన్నీ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన నాలుగు కార్మిక స్మృతులలో కలిసిపోయాయి. పేర్లు మారినా చిక్కు అక్కడే ఉన్నది. ‘ఒకే పని లేదా ఒకే తీరు పని’ చేసినప్పుడు వేతనం సమానంగా ఉండాలంటుంది చట్టం. మనం ముందే పనికి రెండు పేర్లు పెట్టేశాము. ఇది మగవారి పని, అది ఆడవారి పని అన్నాము. పేరు వేరైతే రేటు వేరు కావడానికి అడ్డమేమున్నది? వేతనంలో అన్యాయం రేటు దగ్గర మొదలుకాదు, పేరు దగ్గర మొదలవుతుంది. నేను చెప్పదలచుకొన్నది ముఖ్యంగా ఇదే.

సంక్షేమ నిధి కథ కూడా చెప్పుకోవాలి. పద్ధెనిమిది, అరవై ఏళ్ళ నడుమ ఉండి, ఏడాదిలో తొంభై రోజులు నిర్మాణపు పని చేసినవారు పేరు నమోదు చేయించుకోవచ్చు. ప్రసూతి సాయం, ప్రమాద పరిహారం వంటివి అందాలంటే ఆ నమోదు ఉండాలి. కాని తొంభై రోజులు పనిచేసిందని ఎవరు వ్రాసివ్వాలి? నేడు ఒక వీథిలో, రేపు మరొక ఊరిలో పనిచేసే మనిషికి, ఇంటి యజమాని పుస్తకంలోనే పేరు లేని మనిషికి ఋజువెక్కడిది? చాలామంది స్త్రీలు మేస్త్రి భార్యగానో, ముఠాలో ఒకతెగానో మిగిలిపోతున్నారు. 2018 మార్చి 19న సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పులో, దేశం మొత్తం మీద 37,400 కోట్లకు పైగా సెస్సు వసూలు కాగా కార్మికుల కోసం ఖర్చయినది సుమారు 9,500 కోట్లేనని ఉన్నది. డబ్బు లేక కాదు, పేరు లేకనే సాయం అందడం లేదు.

బిడ్డల సంగతీ ఇటువంటిదే. యాభైమందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకు ఒక గది ఉండాలని 1996 చట్టంలో వ్రాశారు. మంచిదే. కాని మా వీథిలో ఏ ఇంటి దగ్గర యాభైమంది ఆడవారు పనిచేస్తారు? ఇద్దరో ముగ్గురో ఉంటారు. వారి పిల్లలకు ఇసుకకుప్పే బడి. పైగా పదిమందికన్న తక్కువ కార్మికులున్న చోటికి, పదిలక్షల లోపు ఖర్చుతో కట్టుకొనే సొంత ఇంటికి ఆ చట్టమే వర్తించలేదు. 1969లో గాంధీజీ శతజయంతి సందర్భంగా ఢిల్లీలో ప్రదర్శన ప్రాంగణం కడుతుండగా అక్కడి పసిపిల్లలను చూసి మనసు కరగిన మీరా మహదేవన్ గారు ‘మొబైల్ క్రెషెస్’ స్థాపించారు. పని ఎక్కడికి కదిలితే శిశుసంరక్షణ అక్కడికే వెళ్ళాలన్నది ఆమె ఆలోచన. ఒక వీథిలో మూడు ఇళ్ళు లేస్తున్నప్పుడు అందులో అంగన్‌వాడీ ఎక్కడున్నదో ఆ తల్లులకు చూపించి, పిల్లవాణ్ణి చేర్పించే పూచీ ఇంటివారే తీసుకొనవచ్చు. మరుగు సంగతి ఇంకా చిన్నది, ఇంకా అవమానకరమైనది. చాటు లేక, ఉదయం నుంచి సాయంత్రం వరకు నీళ్ళు త్రాగకుండా ఎండలో పనిచేసే స్త్రీలున్నారు. మా ఇంట్లో మరుగుదొడ్డి ఆఖరున కట్టించాము. మొదట కట్టించవలసినది.

సమాన వేతనం అసాధ్యమేమీ కాదు. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ పనిలో ఆడకూ మగకూ ఒకే రేటు పెట్టారు. ఆకాశం విరిగిపడలేదు. చెరువులో మట్టి తీసినప్పుడు భర్తతో సమానంగా కూలి పొందిన స్త్రీ, అదే వారంలో ఇటుకలు మోయడానికి మా వంటి ఇంటికి వస్తే తక్కువ పొందింది. మట్టి దగ్గర సమానమైన చేతులు ఇటుక దగ్గర అసమానమెలా అయ్యాయి?

రేటు సమానం చేస్తే చాలదు. తట్ట మోసే మనిషి జీవితాంతం తట్టే మోయరాదు. మగవాడు పదహారేళ్ళకు కూలీగా వస్తాడు. నాలుగేళ్ళు పోయాక ఏ మామో బాబాయో చేతికి తాపీ ఇస్తాడు. ఇరవై అయిదుకు మేస్త్రి అవుతాడు. ఆడది పదహారేళ్ళకు వచ్చి యాభై అయిదేళ్ళకు మెడ వంగిపోయేవరకు ఆడకూలీగానే ఉంటుంది. ఆమెకు తాపీ ఇచ్చేవారు లేరు.

ఇచ్చిన చోట ఏమైందో జార్ఖండ్ చూపించింది. 2014లో మొదలైన స్వచ్ఛ భారత్ కోసం లక్షల మరుగుదొడ్లు కట్టవలసి వచ్చినప్పుడు అక్కడ మేస్త్రులు చాలలేదు. స్వయం సహాయక బృందాల స్త్రీలకు పని నేర్పారు. వేలాదిమంది తాపీ పట్టారు. హిందీలో తాపీ మేస్త్రిని ‘రాజ్ మిస్త్రీ’ అంటారు. అక్కడివారు ఈ స్త్రీలకు ‘రాణీ మిస్త్రీ’ అని పేరు పెట్టుకొన్నారు. ఆ మాట చదివిన రోజున ఒక భాషోపాధ్యాయురాలిగా నేను పొందిన సంతోషం ఇంతింత కాదు. పని చేతికి వస్తే పేరు దానంతట అదే పుడుతుంది.

మనకు డ్వాక్రా సంఘాలున్నాయి. 1998లో హైదరాబాదులో ఏర్పడిన న్యాక్ వంటి శిక్షణ సంస్థలున్నాయి. లేనిదల్లా ఒక సంగతిని గుర్తించడమే. రోజుకూలి మీద బ్రతికే స్త్రీ కూలి మానుకొని శిక్షణకు రాలేదు. శిక్షణ కాలంలో ఆమెకు రోజుకూలి ఇవ్వాలి, లేదా పని జరిగే చోటికే శిక్షణ వెళ్ళాలి. నేర్చుకొన్న తరువాత ప్రభుత్వం కట్టించే బడిగోడలు, అంగన్‌వాడీ గదులు కొన్నైనా ఆ బృందాలకే అప్పగించాలి. చేతిలో ధ్రువపత్రం ఉండి పని దొరకకపోతే ఆ పత్రం వలన ప్రయోజనం లేదు.

ఇక్కడ మా వ్యాకరణం ఒకటి గుర్తుకు వస్తుంది. బాలవ్యాకరణం చదివినవారికి తెలుసు. తెలుగులో స్త్రీవాచకం ఏకవచనంలో అమహత్తుతో కలిసి నడుస్తుంది. ‘ఆమె వచ్చింది, ఎద్దు వచ్చింది, బండి వచ్చింది.’ క్రియ ఒక్కటే. బహువచనంలోకి వచ్చేసరికి స్త్రీలు పురుషులతో చేరిపోతారు. ‘వారు వచ్చారు.’ ఇది తరగతిలో చెప్పినప్పుడల్లా ఆడపిల్లలు నొచ్చుకొనేవారు. ఒంటరిగా ఉన్న స్త్రీని వస్తువుల లెక్కలో వేసిన లోకం, పదిమంది కూడితే మనుషులుగా లెక్కిస్తుందని ఇప్పుడు దానినే ఇంకొక విధంగా అర్థం చేసుకొంటున్నాను. ఒక్క ఆడకూలీ రేటు అడగలేదు, అడిగితే రేపు పిలుపు ఉండదు. పదిమంది స్త్రీలు ఒక సంఘంగా వచ్చి, గోడ మొత్తం మేమే కడతాము, చదరానికి ఇంత అంటే బేరం వేరుగా ఉంటుంది.

ప్రభుత్వం చేయవలసినవి ప్రభుత్వానికి వదిలి, ఇల్లు కట్టుకొనే మనం చేయగలవి చెబుతాను. రేటు మాట్లాడే రోజునే కూలీలందరికీ ఒకటే రేటని మేస్త్రితో తేల్చుకోవాలి. ఆ డబ్బు మేస్త్రి చేతికి కాక ఆమె చేతికే ఇవ్వాలి. నీరూ మరుగూ పునాదితోపాటే ఏర్పాటు చేయాలి. ప్రహరీగోడో, నీళ్ళ తొట్టో, ఏదో ఒక చిన్న కట్టడం ఆమె చేత కట్టించాలి. పద్దులో పేరు వ్రాయాలి, పని ముగిశాక ఎన్ని రోజులు చేసిందో ఒక కాగితం మీద సంతకం చేసి ఇవ్వాలి. నమోదుకు అది పూర్తి ఋజువు కాకపోయినా అసలేమీ లేని చోట అదొక ఆధారం.

ఈ వేసవిలో మా మేడమీద ఒక గది వేయిస్తున్నాము. మేస్త్రితో మాట అయింది. కూలి అందరికీ ఒకటే. పిట్టగోడ ఆడవారు కట్టాలి, ఆయన దగ్గరుండి నేర్పాలి. ఆయన చాలాసేపు తల గోక్కొన్నాడు. “వంకర వస్తే నన్ననగూడదండి టీచరు గారూ” అన్నాడు. అననని మాట ఇచ్చాను. వంకర వస్తే విప్పి మళ్ళీ కట్టిస్తాము. నా దగ్గర ‘అ’ దిద్దిన పిల్లలలో మొదటిసారే గుండ్రంగా వ్రాసినవారు ఎందరని?

2015 నాటి ఆమె ఎక్కడున్నదో తెలియదు. ఆ 33,000 బాకీ ఎవరికి చెల్లించాలో తెలియదు. వంటగది గోడలో ఆమె పేర్చిన మూడు వరసలు పూత క్రింద ఉన్నాయి, పగులు రాలేదు. కొత్త నోటుపుస్తకం కొన్నాను. మొదటి పుటలో నలుగురి పేర్లు వ్రాశాను, అందులో ఇద్దరు స్త్రీలు. ఇల్లు కట్టించిన చదువరులు తమ పాత పద్దులు ఒకసారి తీసి చూడగలరు. ఏమి కనబడిందో వీలైతే నాకు వ్రాయగలరు.